ఏ ఊరి రాముడురా ఇతను?

ఒకప్పుడు సెల్‌ఫోన్ దుకాణాల్లో ఒక మాట తెగ వినపడేది... 'సాఫ్ట్‌వేర్ పోయింది సార్!' ఫోను కింద పడినా అదే మాట. వానలో తడిసినా అదే. దానంతటదే ఆగిపోయినా అదే. 2006లో నా బటన్ల ఫోను మొండికేస్తే అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్‌కి పట్టుకెళ్లాను. కౌంటర్లో కుర్రాడు దాన్ని అటూఇటూ తిప్పి చూసి ఆ మాటే అన్నాడు. 'పోయిందంటే ఎక్కడికి పోయింది బాబూ?' అని అడిగాను. వాడు నవ్వి, 'మూడొందలవుతుంది, కూర్చోండి' అన్నాడు. ఫోనుకో వైరు తగిలించి, కంప్యూటర్లో ఏదో నొక్కి, నా సంగతి మరిచిపోయి టీ తాగడానికి వెళ్లాడు. అరగంటకి ఫోను బతికింది. అందులోని నంబర్లన్నీ పోయాయి. మా చిన్నత్త నంబరు ఇంకెక్కడా రాసిపెట్టుకోలేదు. ఆ తర్వాత ఆవిడతో మాట్లాడటానికి మూడు నెలలు పట్టింది.

ఫోనుకి ప్రాణం దాని లోపలి సాఫ్ట్‌వేరనీ, ఆ ప్రాణాన్ని తీసేసి మళ్లీ పోయొచ్చనీ నాకు తెలిసింది ఆ రోజే. తెలియకపోయినా బాగుండేదేమో! ఎందుకంటే, ఆ తర్వాత కొన్నేళ్లపాటు అదే నాకు పేకాటలా పట్టుకుంది.

మా నాన్న తెనాలిలో తెలుగు మాస్టారుగా రిటైరయ్యాడు. 2012లో ఆయనకో చిన్న టచ్ ఫోను కొనిచ్చాను. ఆండ్రాయిడ్ 2.3 అన్నమాట. పేపరు కూడా ఇందులోనే చదువుకోవచ్చని గొప్పగా చెప్పి, తెలుగు దినపత్రిక వెబ్‌సైట్ తెరిచి చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. పేజీ నిండా వరసగా చిన్న చిన్న డబ్బాలు.

'ఇవేం అక్షరాలురా, బడి కిటికీల్లా ఉన్నాయి' అన్నాడు.

ఆ రోజుల్లో ఆండ్రాయిడ్ ఫోన్లు వాడినవాళ్లకి ఆ కిటికీలు గుర్తుండే ఉంటాయి. ఆ ఫోనుకి తెలుగు రాదు. ఒపెరా మినీ బ్రౌజర్లో మాత్రం ఒక చిట్కా ఉండేది. అడ్రసు రాసేచోట 'ఒపెరా:కాన్ఫిగ్' అని కొట్టి, వచ్చిన పేజీలో 'యూజ్ బిట్‌మ్యాప్ ఫాంట్స్ ఫర్ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అన్నదాని పక్కన 'ఎస్' పెట్టాలి. అప్పుడు ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్ మన అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. మన లిపి వాళ్ల లెక్కలో 'కాంప్లెక్స్'! నాన్న దానికే సంబరపడ్డాడు. కానీ మెసేజీలు, మెయిళ్లు మళ్లీ కిటికీలే. దాంతో ఫోనుని రూట్ చేశాను. అంటే, కంపెనీ తన దగ్గర దాచిపెట్టుకున్న యజమాని హక్కులు మనం లాక్కోవడం. ఆ హక్కుతో లోపలి ఫాంటు ఫైలు తీసేసి తెలుగున్న ఫాంటు పెట్టాను. అక్షరాలొచ్చాయి, వత్తులు మాత్రం కుదరలేదు. 'స్త్రీ' అన్న మాటలో స ఒక చోట, త ఒక చోట, ర ఇంకో చోట నిలబడ్డాయి. నలభై ఏళ్లు పిల్లలకి వత్తులు నేర్పిన మనిషి దాన్ని చూసి ఫోను బోర్లా పెట్టేశాడు.

అక్షరాలు సరిగ్గా అమరాలంటే ఫాంటొక్కటే చాలదు. వాటిని కూర్చే యంత్రాంగం కూడా ఫోను లోపల ఉండాలి. అది మూల సాఫ్ట్‌వేర్లోనే ఉండాలి. అలాంటి మార్పు చేసిన సాఫ్ట్‌వేర్‌ని ఎవరో పుణ్యాత్ములు ఆ మోడల్ కోసం తయారు చేశారని తెలిసింది. సంక్రాంతి సెలవుల్లో తెనాలి వెళ్లి లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను.

'ఏం చేస్తున్నావురా?'

'కస్టమ్ రామ్ ఎక్కిస్తున్నా నాన్నా.'

ఆయన కాసేపు ఆలోచించాడు. 'భద్రాద్రి రాముడు తెలుసు, ఒంటిమిట్ట రాముడు తెలుసు. ఏ ఊరి రాముడురా ఇతను?'

రామ్ అంటే 'రీడ్ ఓన్లీ మెమరీ' అని, చదవడమే తప్ప రాయడానికి వీల్లేనిదని వివరించాను. 'మరి నువ్వు రాస్తున్నావుగా?' అన్నాడు. నిజమే. పేరేమో రాయడానికి వీల్లేనిదని, మేం చేసేదేమో రాత్రీ పగలూ దాన్ని చెరిపి రాయడం. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. మొత్తానికి ఆ సాయంత్రం ఆయన ఫోనులో 'స్త్రీ' ఒక్క అక్షరంగా నిలబడింది. నాన్న ఆ మాటని మూడుసార్లు పైకి చదివాడు. కస్టమ్ రామ్ మీద నా భక్తికి మొదలు అదే. తర్వాత ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లలో తెలుగు దానంతటదే వచ్చేసింది. కానీ నేనప్పటికే మతం పుచ్చుకున్నాను.

ఇదంతా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మీరు ఫోను కొన్నప్పుడు అందులో కంపెనీ పెట్టి ఇచ్చేది అధికారిక ఫర్మ్‌వేర్. దాని మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉంటుంది. ఫోను ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు మేలుకునే బూట్‌లోడర్ ఆ సంతకం చూస్తుంది. సరిపోతేనే లోపలికి రానిస్తుంది. మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిదే. కస్టమ్ రామ్ ఎక్కించాలంటే ముందు ఆ వాచ్‌మన్‌ని పక్కకి జరగమనాలి. దాన్నే బూట్‌లోడర్ అన్‌లాక్ అంటారు. అలా జరిగేటప్పుడు ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఇది కక్షతో చేసేది కాదు. లేకపోతే, మీ ఫోను దొంగిలించినవాడు తాళం తీయించి మీ ఫొటోలూ మెసేజీలూ చూడగలడు. ఆ తర్వాత రికవరీ అనే చిన్న ప్రోగ్రాం, దాని ద్వారా రామ్, దాని మీద గూగుల్ యాప్‌ల పొట్లం... వరసగా ఎక్కించాలి.

గూగుల్ యాప్‌లు విడిగా ఎందుకంటే, దానికో కథ ఉంది. మొదటి ఆండ్రాయిడ్ ఫోను హెచ్‌టీసీ డ్రీమ్ 2008లో వచ్చింది. ఆండ్రాయిడ్ మూల కోడ్ అందరికీ తెరిచి ఉంచినదే. స్టీవ్ కాండిక్ అనే అమెరికా ప్రోగ్రామర్ దాన్ని తీసుకుని, మెరుగులు దిద్ది 'సయనోజెన్‌మాడ్' పేరుతో పంచిపెట్టాడు. 2009 సెప్టెంబరులో గూగుల్ నుంచి నోటీసొచ్చింది. మూల కోడ్ మీ ఇష్టం, జీమెయిల్, మ్యాప్స్, యూట్యూబ్ లాంటివి మాత్రం మావి, వాటిని పంచడానికి వీల్లేదని! అప్పటి నుంచి రామ్ వేరు, గూగుల్ పొట్లం వేరు అయిపోయాయి. 2013లో ఆ సరదా పని కంపెనీ అయింది. 2014లో వన్‌ప్లస్ వన్ ఫోను ఆ సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మన దేశంలో మైక్రోమ్యాక్స్ వాళ్ల యు యురేకా కూడా దానితోనే వచ్చింది. ఇక్కడ హక్కులెవరివన్న తగాదా ఢిల్లీ హైకోర్టుదాకా వెళ్లింది. 2016 డిసెంబరుకల్లా ఆ దుకాణం కట్టేశారు. కోడ్ తెరిచి ఉన్నదే కాబట్టి వాలంటీర్లు దాన్నెత్తుకుని 'లీనియేజ్ ఓఎస్' అని కొత్త పేరు పెట్టుకున్నారు. లీనియేజ్ అంటే వంశం. తండ్రి పోయాక కొడుకు దీపం పెట్టినట్టన్నమాట.

ఇక నా సంగతి. 2017 నాటికి నేను మా ఆఫీసులో ఫోన్ల డాక్టర్ని. కంపెనీ ఫర్మ్‌వేర్ వాడేవాళ్లంటే నాకు జాలి. వాళ్ల ఫోన్లలో తీసేయడానికి వీల్లేని యాప్‌లుండేవి. గడియారం చూద్దామన్నా పక్కన ప్రకటన. నా ఫోనులో అలాంటివేమీ లేవు. కావాల్సినవే ఉండేవి. వారానికోసారి కొత్త రామ్. కొన్ని రామ్‌లకి 'నైట్లీ' అని రోజూ రాత్రి తయారయ్యే వెర్షన్లుండేవి. రాత్రి వండిన కూర పొద్దున రుచి చూసినట్టు, అందులో ఉప్పెక్కువైందో తక్కువైందో మనమే చెప్పాలి. రామ్‌తోపాటు ఇచ్చే చీటీలో 'పనిచేయనివి' అన్నచోట ఆ కుర్రాళ్లు సరదాగా 'మీరే చెప్పండి' అని రాసేవాళ్లు. చదివి నవ్వుకునేవాణ్ని.

ఆ ఏడాది జులైలో ఒక శనివారం రాత్రి నా ఫోనుకి కొత్త రామ్ వేశాను. కెమెరా చూసుకున్నా. వైఫై చూసుకున్నా. వాట్సాప్ వచ్చింది. స్క్రీన్ వేలు తగిలితే జారిపోతోంది. పన్నెండున్నరకి తృప్తిగా పడుకున్నాను.

నేను చూడనిది ఒక్కటే, కాల్స్ వస్తున్నాయో లేదో! ఫోను కనిపెట్టిందే దానికోసమనే సంగతి మరిచిపోయాను.

అంతకుముందు ఏడాది, 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. మా ఇంట్లో అందరం ఆ సిమ్‌లకి మారిపోయాం. ఆ నెట్‌వర్క్‌లో 2జీ, 3జీ లేవు. అంతా 4జీయే. మామూలుగా మాట్లాడే మాట కూడా వోల్టీ అనే పద్ధతిలో 4జీ మీదే ప్రయాణిస్తుంది. వోల్టీ పనిచేయాలంటే ఫోను తయారుచేసినవాళ్లు ఇచ్చే కొన్ని మూసిపెట్టిన ఫైళ్లు సరిగ్గా కుదరాలి. వాటి లోపల ఏముందో బయటివాళ్లకి తెలియదు. కాబట్టి ఆ రోజుల్లో చాలా కస్టమ్ రామ్‌లలో వోల్టీ ఉండేది కాదు, ఉన్నా ఒకరోజు పనిచేసి ఒకరోజు మానేసేది. వేరే సిమ్ అయితే కాల్ 2జీకో, 3జీకో దిగి వచ్చేది. ఇక్కడ దిగడానికి కింద మెట్టు లేదు. ఇంటర్నెట్ బ్రహ్మాండంగా నడుస్తుంది, ఫోను మాత్రం మోగదు. వాట్సాప్ వస్తోంది కాబట్టి అంతా బాగుందనుకున్నాను నేను.

రాత్రి రెండింటికి నాన్నకి ఛాతీలో నొప్పొచ్చింది. అమ్మ పోయాక ఆయన ఒక్కడే ఉంటున్నాడు. ముందు గ్యాసనుకుని వాము నమిలాడు. తర్వాత నాకు చేశాడు. ఏడుసార్లు. ప్రతిసారీ 'మీరు డయల్ చేసిన నంబరు అందుబాటులో లేదు' అని ఆవిడెవరో తీయగా చెప్పింది. ఎనిమిదోసారి ప్రయత్నించకుండా, గోడకి చెయ్యి ఆనించుకుంటూ వెళ్లి పక్కింటి తలుపు కొట్టాడట. ఆ ఇంటబ్బాయి ఆటో నడుపుతాడు. అదే ఆటోలో గుంటూరు తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాడు.

పొద్దున ఆరున్నరకి నాకు వాట్సాప్‌లో అతని మెసేజ్ వచ్చింది. 'అన్నా, ఫోన్ ఎందుకు ఎత్తట్లేదు?'

హైదరాబాద్ నుంచి గుంటూరు వెళ్లే ఆ దారిలో నేను ఎవరికైనా ఫోను చేసి మాట్లాడదామన్నా నా ఫోను నుంచి కాల్ వెళ్లదు. బస్సులో పక్క సీటాయన ఫోను రెండుసార్లు అడిగి తీసుకున్నాను. రెండోసారి ఆయనే, 'మీది బ్యాటరీ అయిపోయిందా?' అన్నాడు. ఫోను చేతిలో వెలుగుతూనే ఉంది. ఏం చెప్పను?

రక్తనాళంలో అడ్డు వచ్చిందని స్టెంట్ వేశారు. సమయానికి తెచ్చారని డాక్టరుగారు ఆటో అబ్బాయి భుజం తట్టారు. సాయంత్రం నన్ను లోపలికి పంపించారు. నాన్న నన్ను చూసి ఏమీ అడగలేదు. నేనే తల వంచుకుని, 'కొత్త సాఫ్ట్‌వేర్ వేశా నాన్నా, కాల్స్ రాలేదు' అన్నాను. ఆయన కళ్లు మూసుకునే చిన్నగా నవ్వాడు.

'ఆ రాముడు పలకలేదురా' అన్నాడు.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రామ్ చేసిన కుర్రాణ్ని నేను తప్పుపట్టను. ఎక్కడో హాస్టల్ గదిలో, ఒక్క ఫోను ముందు పెట్టుకుని, నిద్ర మానుకుని తయారుచేసి ఉచితంగా ఇచ్చాడు. 'మీరే చెప్పండి' అని రాశాడు కూడా. చెప్పాల్సినవాణ్ని నేను. అధికారిక ఫర్మ్‌వేర్ మీద మేం ఎన్ని జోకులేసుకున్నా, ఫోను అమ్మే ముందు కంపెనీవాళ్లు కాల్స్ వస్తున్నాయా, సిగ్నల్ నిలుస్తోందా అని ల్యాబుల్లో పరీక్షలు చేయించి తీరాలి. ఎవరూ పొగడని పని అది. వాడే మనిషికి ఆ పని జరిగిందని కూడా తెలియదు. తెలియాల్సిన అవసరం రాకపోవడమే దాని గొప్ప.

ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రే నా ఫోనుని కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి మార్చేశాను. అదేమైనా తేలికనుకున్నారా? ఫ్లాష్ చేసే ప్రోగ్రాంలో కింద మూలన మూడు చుక్కలు... పాతవన్నీ చెరిపి ఎక్కించాలా, ఉంచి ఎక్కించాలా, చెరిపి తాళం కూడా వేయాలా అని. నేను చూసుకోకపోతే మూడోదే ఎంపికై ఉంటుంది. చూసుకోలేదు. తాళం పడింది. పోనీ, పడాల్సిందే పడిందనుకున్నా. కొన్ని ఫోన్లలో ఇంతకంటే కష్టం. ఉన్న వెర్షన్ కంటే పాతది ఎక్కిస్తే మళ్లీ లేవదు. దాన్ని 'బ్రిక్ అయింది' అంటారు. ఇటుకరాయి అన్నమాట. ఇటుకైతే గోడకైనా పనికొస్తుంది.

అయితే ఈ కథ ఇక్కడితో అయిపోయి, నేను కస్టమ్ రామ్‌లకి దణ్ణం పెట్టి మానేశానని రాస్తే అది అబద్ధం.

2020లో లాక్‌డౌన్ పెట్టాక మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఒక ఫోను తెచ్చాడు. ఎవరో వాడి పడేసినది, ఏడేళ్ల నాటిది. కూతురు తొమ్మిదో తరగతి. బడి క్లాసుల యాప్ ఎక్కించబోతే 'మీ ఫోనుకి ఇది సరిపోదు' అంటోంది. చూస్తే ఆండ్రాయిడ్ 4.4 దగ్గరే కంపెనీ వదిలేసింది. ఆ యాప్‌కి కనీసం 5.0 ఉండాలి. ఫోను బాగానే ఉంది, తెర మీద గీత కూడా లేదు. కంపెనీ లెక్కలో మాత్రం అది చచ్చిపోయింది. అధికారిక ఫర్మ్‌వేర్ దగ్గర దీనికి జవాబు లేదు, కొత్తది కొనుక్కోమనడం తప్ప. ఆ నెలల్లో వాచ్‌మన్‌ని కొత్త ఫోను కొనుక్కోమని ఎవరు చెప్పగలరు? అటక మీది లాప్‌టాప్ దించాను. మూడేళ్ల తర్వాత మళ్లీ రామ్ ఎక్కించాను. ఈసారి నైట్లీ కాదు, జనం ఎప్పటి నుంచో వాడుతున్నది వెతికి. అది వెలగ్గానే మొదట చేసిన పని, నా ఫోను నుంచి దానికి కాల్ చేయడం. మోగింది. దాని నుంచి నా ఫోనుకి. మోగింది. అప్పుడే ఆ పిల్ల చేతికిచ్చాను. కెమెరా మాత్రం కుదరలేదు. హోంవర్క్ ఫొటోలన్నీ ఆకుపచ్చగా వచ్చేవట. 'మా టీచర్ నాది పచ్చ నోటుబుక్కు అనుకుంటున్నారు అంకుల్' అంది. ఆ ఏడాదంతా అదే ఫోనులో చదువుకుంది.

కంపెనీలు ఇచ్చే అప్‌డేట్లు కూడా అన్నివేళలా అమృతమేమీ కాదు. 2018 అక్టోబరులో ఇటలీ ప్రభుత్వ సంస్థ ఒకటి, అప్‌డేట్ల వల్ల పాత ఫోన్లు నెమ్మదించాయని యాపిల్‌కి కోటి యూరోలు, శామ్‌సంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. అలాంటి మొట్టికాయల వల్లో, పోటీ వల్లో కొంత మార్పొచ్చింది. గూగుల్ 2023లో పిక్సెల్ 8 ఫోన్లకి, శామ్‌సంగ్ 2024లో ఎస్24 ఫోన్లకి ఏడేళ్లపాటు అప్‌డేట్లిస్తామన్నాయి. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఐదేళ్లకి తగ్గకూడదని నిబంధనే పెట్టారు. మన దగ్గర ఎక్కువమంది కొనే పదివేల రూపాయల ఫోనుకి ఆ భాగ్యం ఎప్పుడో!

ఇంకోవైపు, తాళం తీసిన ఫోనుకి ఇప్పుడు ఊళ్లో చోటు తగ్గిపోతోంది. బ్యాంకు యాప్ తెరిస్తే 'మీ పరికరం సురక్షితం కాదు' అని మొహం మీదే తలుపేస్తుంది. ఫోను అసలుదా, ఎవరైనా చెయ్యి పెట్టారా అని గూగుల్‌ని అడిగి తెలుసుకునే ఏర్పాటు ఉంది దానికి. దాన్ని ఏమార్చే చిట్కాలూ ఉన్నాయి. వాళ్లొకటి మూస్తే వీళ్లొకటి తెరుస్తారు. కుర్రతనంలో అయితే నేనూ ఆ దొంగాట ఆడేవాణ్నే. జీతం పడే ఖాతాతో ఆటలేంటని మానుకున్నాను. సినిమాల యాప్‌లు కొన్ని, ఇలాంటి ఫోనుల్లో బొమ్మని మసగ్గా చూపిస్తాయి. అదైతే సర్దుకోవచ్చు, పాల ప్యాకెట్‌కి డబ్బులు కట్టలేకపోతే ఎలా?

ఇప్పటికీ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్లు వచ్చి, 'సార్, కస్టమ్ రామ్ వేసుకోనా?' అంటారు. వాళ్లకి ప్రాసెసర్ల గురించి, కెర్నల్ గురించి నాకంటే ఎక్కువ తెలుసు. నేను అడిగేది ఒక్కటే. 'నీకు రెండో ఫోనుందా?' ఉందంటే, వేసుకో నాయనా, నాక్కూడా చూపించు అంటాను. లేదంటే, 'రాత్రి రెండింటికి నీకెవరైనా ఫోను చేసేవాళ్లున్నారా?' అంటాను. ఎందుకలా అడుగుతానో వాళ్లకి అర్థం కాదు. కొందరు అమ్మాయిల సంగతనుకుని సిగ్గుపడతారు.

నా దగ్గర రెండు ఫోన్లున్నాయి. పాతదాంట్లో లీనియేజ్ ఓఎస్ ఉంది. ఆదివారాలు దాంతో కాలక్షేపం. జేబులో ఉండేది మాత్రం కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది, ప్రకటనలతో సహా.

మొన్న నాన్న ఫోన్ చేశాడు.

'ఏదో అప్‌డేట్ అంటోందిరా. నొక్కనా?'

'నొక్కు నాన్నా. ఛార్జింగ్‌లో పెట్టి నొక్కు. మధ్యలో కట్టేయకు.'

'ఇది కంపెనీవాళ్లదేనా, లేకపోతే నీ రాముడా?'

'కంపెనీవాళ్లదే.'

అరగంట ఆగి ఆయన నంబరుకి చేశాను. నాలుగు రింగులదాకా ఎత్తలేదు. ఐదో రింగుకి ఎత్తాడు.

'మోగిందిలేరా, ఎందుకంత కంగారు? కళ్లజోడు వెతుక్కుంటున్నా. ఇదిగో, వీళ్లు గడియారం తీసుకెళ్లి ఈ మూల పెట్టారు. ఎవరడిగారు వీళ్లని?'